రెండు మరచెంబుల నీళ్ళు

మొన్న ఆదివారం మా అమ్మాయి మాధవి హైదరాబాదు నుంచి వస్తూ రెండు ప్లాస్టిక్ సీసాల నిండా నీళ్ళు పట్టుకొచ్చింది. వాటిని వంటింటి గట్టు మీద పెట్టి, "అమ్మా, ఇగ నువ్వే చెప్పాలె" అంది. వాళ్ళు సిటీ వదిలి కొంచెం బయటికి వెళ్ళిపోదామనుకుంటున్నారు. అల్లుడు రోజూ ఆఫీసుకు వెళ్ళి రాగలిగినంత దూరంలో ఘట్‌కేసర్ వైపు ఒక ఇల్లు, శంకర్‌పల్లి వైపు ఇంకో ఇల్లు చూశారు. బడి, ఆసుపత్రి, రోడ్డు, రైలు అన్నీ కాగితం మీద రాసుకుని ఎన్నిసార్లు చూసుకున్నా రెండూ సమానంగానే వస్తున్నాయట. అందుకని రెండిళ్ళ బోరు నీళ్ళూ తెచ్చింది. ఒకటి నీలం మూత సీసా, ఒకటి తెల్ల మూత సీసా. "మీ నాయినమ్మ నాలుకే నీకొచ్చిందని అందరూ అంటరు గదా. పప్పు ఉడకబెట్టి చూడు. నువ్వు ఏదంటే అదే తీసుకుంటం" అంది.

డబ్బా నిండా కందిపప్పు పెట్టుకుని, పప్పు అయిపోయింది, రేపు తెప్పిస్తాలే అన్నాను. ఈ వయసులో కూడా అబద్ధం నా నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి. పిల్ల ప్రయాణం చేసి అలిసిపోయి భోజనం కాగానే నిద్రపోయింది. నేను మాత్రం ఆ సీసాల ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి అదే స్టూలు ఎక్కి, అటక మీద పాత ఇత్తడి సామాను మూట దించి విప్పాను. నాయినమ్మ మరచెంబులు రెండూ అందులోనే ఉన్నాయి. మర తిప్పితే మూత బిగిసే ఆ చెంబులు అప్పట్లో ప్రయాణం చేసే ప్రతివాళ్ళ చేతిలోనూ కనిపించేవి. ఒకదాని పొట్ట కాస్త సొట్ట పోయింది. రెండూ నల్లబడి ఉన్నాయి. చింతపండు తీసుకుని తోమడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఆ చెంబులకూ నాకూ మధ్య ఉంది.

మా నాయిన వరంగల్ గంజ్ అనే టోకు బజారులో ఒక మిర్చి దుకాణంలో గుమాస్తా. దుకాణం వెనక ఉన్న రెండు గదుల్లోనే మా కాపురం. నాయిన, అమ్మ, నాయినమ్మ, నేను. మిర్చి సీజన్ వచ్చిందంటే మా ఇంటికి వచ్చిన చుట్టాలు గడపలోనే తుమ్ములందుకుని, పలకరింపులన్నీ తుమ్ముల మధ్యనే కానిచ్చేవాళ్ళు. మాకు మాత్రం అలవాటైపోయింది. నా బడి బట్టలకు, పుస్తకాలకు, దిండ్లకు కూడా ఎండుమిర్చి ఘాటు పట్టి ఉండేది. అంత ఘాటులో బతికి కూడా నాయినమ్మ నాలుక చెక్కుచెదరలేదు. ఎసట్లోంచి పప్పు చుక్క అరచేతిలో వేసుకుని, నాలుక చివర తాకించి, ఎడమ కన్ను మూసేది. ఆ కన్ను తెరిచేలోపల ఉప్పెంత, పులుపెంత, ఇంకెంతసేపు ఉడకాలో తేలిపోయేది. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో గంజ్ గల్లీల్లోని ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని మా వాకిట్లో వరస కట్టేవాళ్ళు. ఆమె కొలత పాత్రలు ముట్టేది కాదు. "ఇంకో పిడికెడు ఉప్పు పడ్తది, నీ పిడికిలి కాదు, నా పిడికిలి" అనేది. ఆమె చూసి చెప్పిన తొక్కు ఏడాదంతా బూజు పట్టదని ఆ గల్లీలో నమ్మకం. చదువు లేదు, నగ లేదు, చెప్పుకోవడానికి ఆస్తి లేదు. ఆమెకు ఉన్నదల్లా ఆ నాలుకే.

దుకాణం సావుకారికి బస్తాలు పెట్టుకోవడానికి జాగా చాలక మా గదులు కావాలన్నాడు. గట్టిగా కూడా అడగలేదు, మంచి మాటలతోనే అడిగాడు. ఊళ్ళో మాకు సరిపడే ఇల్లు ఎంత తిరిగినా దొరకలేదు. అప్పటికే గంజ్‌లో పనిచేసేవాళ్ళు కొందరు చుట్టుపక్కల ఊళ్ళల్లో కాపురం పెట్టి రోజూ వచ్చిపోతుండేవాళ్ళు. నాయినకు రెండు ఇళ్ళ కబురు తెలిసింది. ఒకటి కాజీపేటలో. రైలెక్కితే కూర్చున్నట్టే కూర్చుని వరంగల్ స్టేషన్‌లో దిగొచ్చు, కాని ఇల్లు ఇరుకు. రెండోది వర్ధన్నపేటలో. నాలుగు గదులు, పెద్ద పెరడు, జామచెట్టు, కాని కిక్కిరిసిన బస్సులో గంట ప్రయాణం. నాయినకు ఏదీ తేలలేదు. "రెండూ ఒక్క తీరుగనే కనబడ్తానయి అమ్మా. నువ్వెట్లంటె అట్లనే" అన్నాడు.

"ఇల్లు జూస్తే ఏమొస్తది కొడకా, గోడలు తాగుతమా?" అంది నాయినమ్మ. "నీళ్ళు జూడాలె. ఏ బాయి నీళ్ళల్ల పప్పు మంచిగ ఉడుకుతదో గా ఇంట్లకే పోదాం."

అది ఆమె కొత్తగా పెట్టిన నియమం కాదు. ఉప్పునీళ్ళలో కందిపప్పు ఉడకదని మా ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. నాయినమ్మ దాన్నే ఇల్లు ఎంచుకునే పరీక్షగా మార్చింది. తన ఆడపిల్లలను ఇచ్చేటప్పుడు కూడా వియ్యాలవారి బావి నీళ్ళు తెప్పించుకుని చూసిందట. చదవడం రాదు కాబట్టి, మరచెంబుల మెడలకు దారాలు తనే కట్టింది. ఎర్ర దారం కాజీపేట, తెల్ల దారం వర్ధన్నపేట. రెండు చెంబులూ నా చేతికిచ్చి, "నాయినెంబడి పోయి, నువ్వే తోడుకోని రా బిడ్డా, వేరేటోళ్ళ చేతికియ్యకు" అంది. ఆమె మనసు ఎటు ఉందో నాకు తెలుసు. మా మేనత్తను తొర్రూరు ఇచ్చారు. తొర్రూరు బస్సు వర్ధన్నపేట మీదుగానే పోతుంది. అక్కడ ఉంటే బిడ్డను చూడాలనిపించినప్పుడల్లా బస్సెక్కొచ్చు. ఆ మాట ఆమె పైకి అనలేదు.

నా మనసు ఎటు ఉందో మాత్రం ఎవరికీ తెలియదు. నేనప్పుడు పదో తరగతిలోకి వచ్చాను. మా క్లాసులో కాజీపేట నుంచి రైల్లో వచ్చే పిల్లలు ముగ్గురుండేవాళ్ళు, రైల్వే ఉద్యోగుల పిల్లలు. వాళ్ళ నెలపాసులు పారదర్శకమైన కవర్లలో ఉండేవి. "మా క్వార్టరు", "మా ప్లాట్‌ఫారం" అని మాట్లాడేవాళ్ళు. సుజాత అనే అమ్మాయి ఇంజను కూతను బట్టి అది ఏ రైలో చెప్పేది. ఇంకోవైపు బస్సుల్లో వచ్చే పిల్లలు. జుట్టు నిండా దుమ్ముతో, ప్రార్థన అయిపోయాక వచ్చి గేటు బయట నిలబడేవాళ్ళు. వాళ్ళను చూసి రైలు పిల్లలు నవ్వేవాళ్ళు. గంజ్ పిల్లను, నేనూ నవ్వేదాన్ని. వర్ధన్నపేట వెళ్తే రేపటి నుంచి నేనూ ఆ గేటు బయటే నిలబడాలి. ఆ తర్వాత నేను చేసిన పని చదువు కోసమేనని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ బస్సు పిల్లల్లో ఒకామె నాకంటే ఎక్కువ చదువుకుని డాక్టరైంది. నాకు కావలసింది చదువు కాదు, రైల్లో సుజాత పక్కన సీటు.

గంజ్‌కు సెలవున్న రోజు పొద్దున నాయినా నేనూ వర్ధన్నపేట వెళ్ళాం. ఆ ఇంటి ముసలామె బావి నీళ్ళే చెంబుతో ఇచ్చింది. నాయిన గటగటా తాగేసి మళ్ళీ పొయ్యమన్నాడు. నేనూ తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. తెల్ల దారం చెంబు నింపుకున్నాను. మధ్యాహ్నం కాజీపేట వెళ్ళాం. అక్కడ ఇంటాయన మమ్మల్ని కూర్చోబెట్టి కుండలోని నీళ్ళు ఇప్పించాడు. అవి రైల్వే నల్లా నీళ్ళని మాకు తర్వాత తెలిసింది. "నీళ్ళకేం ఫికర్ లేదన్నా, బాయి ఇంట్లనే ఉన్నది" అన్నాడాయన. బావి ఇంట్లోనే ఉన్నమాట నిజమే. నాయిన పైకప్పు పెంకులు చూస్తుంటే నేను బావి దగ్గరికి వెళ్ళి తోడి, చెంబు నింపుతూ ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. ఉప్పు. మింగలేక పక్కకు ఉమ్మేశాను. నాయిన అటునుంచి "ఎట్లున్నయ్ బిడ్డా?" అని అడిగాడు. "మంచిగున్నయ్ నాయినా" అన్నాను. ఎర్ర దారం చెంబు మూత బిగించి, తిరుగు రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి బొగ్గు నుసి వచ్చి కళ్ళల్లో పడుతున్నా ఆ రైలు నాకు అంత నచ్చింది.

మర్నాడు పొద్దున నాయినమ్మ స్నానానికి వెళ్ళింది. అమ్మ వాకిట్లో ఉంది. వంటింట్లో చెంబులు రెండూ పక్కపక్కన. దారాలు విప్పి మార్చి కట్టడానికి నాకు ఎంతసేపో పట్టలేదు. ముడి కూడా ఆమె వేసినట్టే, రెండు చుట్లు తిప్పి వేశాను. ముడి బిగిసిందో లేదో లాగి కూడా చూశాను. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

ఆమె తడి జుట్టు ముడేసుకుని వచ్చి జంటపొయ్యి వెలిగించింది. కట్టెలు లెక్కపెట్టి ఇటు నాలుగు, అటు నాలుగు పెట్టింది. చెంబు మూత తిప్పడానికి అడ్డమొస్తున్నాయని దారాలు విప్పి గిన్నెల చెవులకు కట్టింది. పప్పు పిడికెడు ఇందులో, పిడికెడు అందులో. పసుపు వెయ్యలేదు, ఉప్పు వెయ్యలేదు. నాయిన దుకాణానికి పోకుండా గడప మీద కూర్చున్నాడు. పొంగు వచ్చి, నురగ తీసి, చాలాసేపటికి ఆమె ఒక్కొక్క గిన్నెలోంచి రెండేసి బద్దలు తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఎర్ర దారం గిన్నెలోవి వెన్నలా అణిగిపోయాయి. తెల్ల దారం గిన్నెలోవి జారి కింద పడ్డాయి. నీళ్ళు కూడా అరచేతిలో పోసుకుని చూసి, ఎడమ కన్ను మూసి తెరిచింది.

"కాజీపేట నీళ్ళు పాలోలె ఉన్నయ్ కొడకా. వర్ధన్నపేటయి పనికిరావు" అంది. అక్కడ మళ్ళీ అడిగి తాగిన నాయిన, దాహంలో ఏ నీళ్ళైనా తియ్యగానే ఉంటాయనుకున్నాడో ఏమో, తల్లి మాటకు తలూపాడు. ఆ తర్వాత నాయినమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగుతూ, ఎవరితోనో కాదు, తనలో తనే అంది. "తొర్రూరు పిల్ల దగ్గరైతదనుకున్న. ఏంజేస్తం. నీళ్ళు అట్లున్నయ్ మరి."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడే చెప్పేస్తే రెండు దెబ్బలతో పోయేది. 

కాజీపేటలో సామాను దించిన రోజే అమ్మ కొత్త ఇంట్లో మొదటి వంటకు నీళ్ళు తోడింది. పప్పు ఎంతకీ ఉడకలేదు. సాయంత్రం దాకా ఉడికించినా పలుకు పలుకుగానే ఉంది. అన్నం పసుపుపచ్చగా మారింది. అమ్మకు మొదటినుంచీ అత్త పెత్తనమంటే లోపల ఒక మంట ఉండేది. గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టి, "అత్తమ్మా, ఇవేనా నువ్వు పాలోలె ఉన్నయన్న నీళ్ళు? ఇగ నీ పరీచ్చలు సాలు తియ్" అంది. నాయినమ్మ బావి నీళ్ళు అరచేతిలో పోసుకుని నాలుకకు తాకించింది. ఈసారి కన్ను మూయలేదు. మళ్ళీ పోసుకుంది. మళ్ళీ చూసింది. నాయిన "పోనీ లేమ్మా, అంతటా నీళ్ళే" అని నవ్వేయబోయాడు కాని, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. వర్ధన్నపేట ఇంట్లోకి అప్పటికే వేరే కుటుంబం దిగింది. గంజ్ గదుల్లో మిర్చి బస్తాలు చేరాయి. వెనక్కి పోయే తొవ్వ లేదు.

ఆ రోజు నుంచి తాగే నీళ్ళు, వంట నీళ్ళు రైల్వే నల్లా నుంచి మోసుకురావాలి. అది క్వార్టర్ల వాళ్ళ నల్లా. వాళ్ళు పట్టుకున్నాక, వాళ్ళు దయతలిస్తే మాకు. అమ్మ ఒక బిందె, నేనొక బిందె. సుజాత వాళ్ళ క్వార్టర్ ఆ నల్లాకు ఎదురుగానే ఉంది. నేను రైల్లో ఆమె పక్కన కూర్చున్నమాట నిజమే, కొన్నాళ్ళు. కాని పొద్దున్నే నల్లా దగ్గర బిందె పెట్టుకుని ఆమె తల్లిని "ఆంటీ, ఒక్క బిందె" అని అడిగిన మొహంతో, రెండు గంటల తర్వాత రైల్లో ఆమెతో సమానంగా కబుర్లు చెప్పడం నాకు చేతకాలేదు. మెల్లగా వేరే పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టాను. నాకు తగిన శాస్తే జరిగింది. నా శాస్తి సంగతి పక్కన పెట్టండి, అమ్మ నడుం ఆ బిందెలతోనే వంగిపోయింది.

నాయినమ్మ మాత్రం ఏమీ మోయలేదు. ఆమె చేసింది ఒక్కటే, వంటింట్లో రుచి చూడటం మానేసింది. పప్పు అరచేతిలో వేసుకోవడం పోయింది. ఎండాకాలం వచ్చింది. గంజ్ నుంచి పాత పొరుగామె ఒకామె తొక్కు పళ్ళెం పట్టుకుని, పనిగట్టుకుని రైలెక్కి వచ్చింది. నాయినమ్మ పళ్ళెం ముట్టకుండా తిప్పి పంపింది. తొర్రూరు మేనత్త తన ఇంట్లో పెండ్లికి తొక్కు పెట్టడానికి రమ్మని మనిషిని పంపితే, "నా నాలిక మీద నాకే నమ్మకం లేదు బిడ్డా, పెండ్లి తొక్కు కరాబైతె మాటొస్తది" అని కబురు చెప్పి పంపింది. కూతురు ఇంటికి పోయే ఒక్క వంకనూ ఆమె అలా తనే పోగొట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. రైల్వే షెడ్డులోంచి ఇంజన్ల పొగ వచ్చి తీగె మీద ఆరేసిన బట్టల మీద నల్లగా పడుతోంది. నేను బట్టలు తియ్యడానికి పోతుంటే పిలిచింది.

"ఇటు రా సరోజా. జర యాదికి తెచ్చుకోని చెప్పు బిడ్డా. ఆ పొద్దు చెంబుల మూతలు తిప్పేటప్పుడు దారాలు ఇప్పి గిన్నెలకు కట్టిన గదా. అప్పుడు నేను మార్చి కట్టిన్నా ఏంది? నువ్వు పక్కనే ఉంటివి."

ఆమె అడుగుతున్నది ఏమిటో నాకు ఆ వయసులోనే అర్థమైంది. దారాలు మారితే తప్పు చేతిది. చెయ్యి మరచిపోతుంది, అందరి చేతులూ మరచిపోతాయి. నాలుక మాత్రం బతికే ఉన్నట్టు. ఆమె తన నాలుక తనకు తిరిగి ఇమ్మని నన్ను అడుగుతోంది. నిజం చెప్పనక్కర్లేదు. "అవును నాయినమ్మా, మార్చినట్టున్నవ్" అని ఇంకో చిన్న అబద్ధం ఆడినా సరిపోయేది. కాని దారాల మాట వస్తే అది ఎక్కడిదాకా పోతుందోనని నాకు భయమేసింది.

"లేదు నాయినమ్మా. ఏ దారం దానికే కట్టినవ్. నేను జూస్తనే ఉన్న" అన్నాను.

"గట్లనా" అంది. చేటను ఒళ్ళోకి జరుపుకుంది. "నువ్వు జూసినవంటె నిజమే ఉంటది. నాలికనే సచ్చింది." మళ్ళీ రాళ్ళేరుకోసాగింది. నేను బట్టలు తీసుకుని లోపలికి పోయాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాటి నుంచి ఆమె ఉప్పు చూడటానికి నన్ను పిలవడం మొదలుపెట్టింది. అరచేతిలో ఎలా పోసుకోవాలో, నాలుక చివర ఎలా తాకించాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. నాకు ఆ పని నిజంగానే పట్టుబడింది. చుట్టాలందరితో "నా నాలిక నా మనుమరాలికొచ్చింది" అని చెప్పుకుని మురిసిపోయేది. ఆఖరి రోజుల్లో దవాఖానలో ఉన్నప్పుడు ఎవరు గ్లాసు అందించినా వెంటనే తాగేది కాదు. నా వైపు చూసి, "తియ్యగున్నయా బిడ్డా?" అని అడిగేది. నేను ఒక గుక్క తాగి "తియ్యగున్నయ్ నాయినమ్మా" అంటేనే పెదాలకు ఆనించుకునేది. అప్పుడు కూడా నేను చెప్పలేదు. చెప్పడానికి ఎన్ని పూటలు దొరికాయో ఇప్పుడు కూర్చుని లెక్కపెడుతుంటాను.

ఇప్పుడు మా హనుమకొండ ఇంట్లో గోడకు నీళ్ళు శుభ్రం చేసే మిషన్ ఉంది. ఏ ఊరి నీళ్ళైనా అందులో పోస్తే ఒకే రుచి, అంటే ఏ రుచీ లేదు. కుక్కర్లో పప్పు ఎలాంటి నీళ్ళలోనైనా మెత్తగా ఉడుకుతుంది. మాధవి ఆ సీసాలు నిజంగా అవసరమై తేలేదు, అమ్మ మాట మీద ముచ్చటతో తెచ్చింది. ఎండాకాలం వస్తే ఈ వీధి వాళ్ళు తొక్కు పళ్ళేలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. నేను అరచేతిలో వేసుకుని ఎడమ కన్ను మూస్తాను. "అచ్చం మీ నాయినమ్మే" అని చుట్టాలు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుంటాను, వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

సాయంత్రం మాధవి లేచి వంటింట్లోకి వచ్చేసరికి తోమిన మరచెంబులు సీసాల పక్కన తళతళలాడుతున్నాయి. "అబ్బ, ఎక్కడివమ్మా ఇవి?" అంది. కూర్చోమని, మొదటినుంచి చివరిదాకా చెప్పాను.  నేను ఏడుస్తానేమో అనుకున్నాను కాని ఏడుపు రాలేదు. అంతా అయ్యాక, "తాతమ్మకు చెప్పాల్సింది అమ్మా" అంది.

"చెప్పాల్సింది" అన్నాను.

లేచి, పప్పు డబ్బా దించాను. మాధవి నిండు డబ్బాను చూసింది, నన్ను చూసింది. పొయ్యి మీద రెండు గిన్నెలు పెట్టి, అలవాటుగా నీలం మూత సీసా కోసం చెయ్యి చాపాను. అప్పటికే ఆమె రెండు సీసాలనూ తన వైపుకు జరుపుకుంది. "నేను పోస్తలే" అంది, నా మనసు నొప్పించకూడదన్నట్టు మెల్లగా. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె నీళ్ళు పోసి, పిడికెడు ఇందులో, పిడికెడు అందులో వేసి, ఏ గిన్నెలో ఏ ఊరి నీళ్ళో ఫోన్‌లో రాసుకుంది. రాసుకున్నది నాకు కనబడకుండా ఫోను గట్టు మీద బోర్లా పెట్టింది.